ధర్మలింగేశ్వరుడి గుహకి నడిచే వెళ్ళనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారమండి.

మాది ఉండి పక్కన ఒక చిన్న ఊరు. ఇంటి ముందు కాలవ, వెనక చేపల చెరువు, దాని వెనక ఇంకో చెరువు, రాత్రంతా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు వింటూనే నిద్రపోతాం. ఎత్తు అంటే మాకు కాలవ గట్టే. పెళ్ళయ్యి ఈ ఊరొచ్చి ఇరవై నాలుగేళ్ళయింది, ఇన్నేళ్ళలో నేను కొండెక్కింది ఎన్నిసార్లంటే చేతి వేళ్ళు చాలు, అది కూడా చిన్న తిరుపతి (అదే, ద్వారకా తిరుమల), అన్నవరం, ఒకసారి పెద్ద తిరుపతి. అలాంటిదాన్ని మొన్న కార్తీక మాసంలో చెట్ల మధ్య దారిలో నడిచి ఒక గుహకి వెళ్ళొచ్చేను, వచ్చిన దగ్గర్నుంచి వంట చేస్తున్నా బట్టలు ఆరేస్తున్నా ఆ గుహే కళ్ళ ముందుంటోంది. దాని గురించి మీ పేపర్ ద్వారా నాలుగు మాటలు చెప్పుకోవాలని రాస్తున్నాను, ఉత్తరం పొడుగైతే ఏమనుకోకండి.

ఆ గుహ గుంటుపల్లిలో ఉందండి. కామవరపుకోట మండలం, జీలకర్రగూడెం పక్క కొండ. 2022 ఏప్రిల్ దాకా అంతా మా పశ్చిమ గోదావరే, ఇప్పుడది ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. మా వైపు వాళ్ళు పుట్టెంట్రుకలకనీ, మొక్కులకనీ, పెళ్ళిళ్ళకనీ ద్వారకా తిరుమల ఏడాదికి ఒక్కసారైనా వెళ్తారు కదా, అక్కడికి గంట లోపు ప్రయాణంలో రెండు వేల ఏళ్ళ నాటి గుహలు ఉన్నాయని మా వీధిలో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. మా మేనల్లుడు భీమవరంలో డిగ్రీ చదువుతున్నాడు, వాడు ఫోన్లో వీడియో చూపించి "అత్తా, ప్రతి ఏడూ వనభోజనాలు ఆ మామిడి తోటలోనే ఏంటి, ఈసారి ఇక్కడికెళ్దాం" అన్నాడు. సరేనని ఆదివారం తెల్లారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, దద్దోజనం కట్టి, పద్నాలుగు మందిమి రెండు బళ్ళు మాట్లాడుకుని బయల్దేరేం. మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, నువ్వొద్దులేమ్మా అంటే వినలేదు, నేనూ వస్తానని అందరికంటే ముందే బండెక్కి కూర్చుంది.

తాడేపల్లిగూడెం దాటేక నేల మారిపోతుంది. మా నల్ల రేగడి పోయి ఎర్ర మట్టి వస్తుంది, వరి చేలు పోయి పామాయిల్ తోటలు, జీడిమామిడి, మధ్య మధ్యలో మొక్కజొన్న. అమ్మ కిటికీలోంచి చూస్తూ "వీళ్ళకి నీళ్ళెక్కణ్ణుంచే" అని రెండు మూడు సార్లు అడిగింది. బోర్లమ్మా అన్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మాకు గోదారి నీళ్ళు గుమ్మం ముందుకే వస్తున్నాయి, అందుకే కాబోలు మెట్ట వాళ్ళ కష్టం మా వాళ్ళకి ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. చిన్న తిరుపతిలో దర్శనం అయ్యేక కొండ దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది.

టికెట్ తీసుకుని లోపలికెళ్ళేక మెట్లు మొదలయ్యేయి. పెద్ద నడకేం కాదండి, కుర్రాళ్ళు పది నిమిషాల్లో ఎక్కేసేరు, అమ్మతో కాబట్టి మాకు అరగంట పైన పట్టింది, అలా పట్టడమే మంచిదయింది. రెండు పక్కలా చెట్లు, కింద ఎండుటాకులు, ఆకుల సందుల్లోంచి మెట్ల మీద చిల్లర డబ్బులు పోసినట్టు ఎండ. సీతాఫలం పొదలున్నాయి, ఒక పండు చెట్టు మీదే పగిలిపోయి లోపల తెల్లగా కనిపిస్తోంది, చీమలు బారులు కట్టి వెళ్తున్నాయి, మా ఆడపడుచు కూతురు అక్కడే గొంతుక్కూర్చుని ఆ చీమల్ని చూస్తూ రానంటే రానంది. నాకు ముందు అర్థం కాలేదు గానీ కాసేపటికి తెలిసింది, ఇక్కడ చప్పుడు లేదు. మోటారు చప్పుడు లేదు, లారీ హారన్ లేదు, మైకు లేదు. మా ఊళ్ళో అర్ధరాత్రి కరెంటు పోతే చెరువుల్లో చేపలు ఏమైపోతాయోనని ఊరంతా లేచి కూర్చుంటుంది, చప్పుడు ఆగిందంటే మాకు భయం. ఇక్కడేమో చప్పుడు లేకపోతే గుండెలో హాయిగా ఉంది. అమ్మ మూడు నాలుగు చోట్ల మెట్టు మీద కూర్చుంది, కూర్చున్న ప్రతిసారీ పైకి చూసి "ఎంత ఎత్తు చెట్లో" అని అదే మాట.

మూడోసారి కూర్చున్న చోట ఒక మామ్మగారు కలిసేరు. ఆ చుట్టుపక్కల ఊరావిడే, కాళ్ళకి చెప్పుల్లేవు, చేతి సంచిలో కొబ్బరికాయ, అగరొత్తులు, చిన్న నూనె సీసా. మేం ఎక్కణ్ణుంచి అని అడిగి, అమ్మ పక్కన కూర్చుని కథ మొదలెట్టేరు. పాండవులు అడవుల్లో తిరిగేటప్పుడు ఈ కొండలో ఉన్నారంట, ధర్మరాజు పొద్దున్నే పూజ చెయ్యకుండా పచ్చి గంగ కూడా ముట్టడు కదా, ఆయన పూజకి ఈ కొండ తొలిచి లింగాన్ని పెట్టుకున్నాడంట, అందుకే ధర్మలింగేశ్వరుడు అన్నారు, పక్కన వరసగా ఉన్న గుహల్లో ఒక్కొక్క తమ్ముడు పడుకునేవాడంట, అన్నిట్లోకీ పెద్దది భీముడిది. ఆవిడ ఆ చెప్పడం మన పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పేరండి, ఏ తమ్ముడికి ఏ గుహో చేత్తో చూపిస్తూ. మా అమ్మ నోరు తెరుచుకుని వింది. గోదావరి జిల్లాల్లో గుహ కనపడితే పాండవులదే కదా, పెద్దాపురంలో కూడా పాండవుల మెట్ట ఉంది, అక్కడి గుహలోంచి రాజమండ్రి గోదారి ఒడ్డు దాకా సొరంగం ఉందని, రాతి మీద భీముడి పాదాలున్నాయని మా చిన్నప్పుడు మా పెద్దమ్మ చెప్పేది. ఆ సొరంగంలోకి దూరి గోదారి ఒడ్డున తేలాలని నేను ఎన్ని రాత్రులు కలలు కన్నానో.

ఇక గుహ. బయట నుంచి చూస్తే రాతిలో ఒక గుమ్మం, గుమ్మం మీద కమాను, పూరింటి ముందు చూరు వంపు తిరిగినట్టు ఉంటుంది. చెప్పులు విడిచి లోపలికెళ్తే ఒక్కసారిగా చల్లదనం. కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే గది గుండ్రంగా ఉంది, మధ్యలో గుండ్రటి రాయి, పైన బోర్లించిన గిన్నెలా, దాని చుట్టూ ఒక మనిషి తిరగడానికి సరిపడా చోటు. అందరం ఆ రాయినే చూస్తున్నాం. అమ్మ ఒక్కతే తల పైకెత్తింది. ఎత్తి, గోడకి చెయ్యి ఆనించి, "ఒసే, ఇది చుట్టిల్లే" అంది.

నేనూ పైకి చూసేను. రాతి కప్పుకి రాతి వాసాలు చెక్కేరండి. గొడుగు కమ్మీల్లాగ చుట్టూ వంపు తిరిగి అన్నీ పైకెళ్ళి ఒక్క చోట కలుస్తున్నాయి. అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు సముద్రానికి దగ్గర ఊరు, అక్కడ వాళ్ళ తాతలది చుట్టిల్లు, మట్టి గోడ, తాటాకు కప్పు, తుఫాను గాలి వస్తే గుండ్రటి ఇంటికి పట్టు దొరక్క పక్కనించి జారి పోతుందని అలా కట్టుకునేవారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి మంచం మీద పడుకుంటే వాసాలు లెక్కపెట్టుకునేదంట. ఇప్పుడు ఆ గుహలో నిలబడి వేలు పైకి చూపిస్తూ మళ్ళీ లెక్కపెట్టడం మొదలెట్టింది, సగంలో తప్పిపోయి మళ్ళీ మొదట్నుంచి. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో డాబా ఉంది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు.

అమ్మకి తోచిందే నిజమంటండి. మా మేనల్లుడు తర్వాత చదివి చెప్పేడు, అప్పట్లో ఇళ్ళూ మండపాలూ కర్రతో, గడ్డితో కట్టేవారు, అవి చివికిపోతాయి కాబట్టి ఒక్కటీ మిగల్లేదు, రాతిలో చెక్కేటప్పుడు మాత్రం ఆ పనివాళ్ళు కర్ర ఇంటినే చూసి చెక్కేరు, రాతికి వాసాలు అక్కర్లేకపోయినా వాసాలు పెట్టేరు. బీహార్‌లో బరాబర్ కొండల్లో మౌర్యుల కాలం గుహలు ఇలాంటివే ఉన్నాయంట, మన గుంటుపల్లిది క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటున్నారు. మన వైపు ఇంత పాత ఇల్లు ఎలా ఉండేదో చూడాలంటే ఆ గుహలో తల పైకెత్తితే చాలు.

ఇప్పుడు అసలు నేను ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి. మామ్మగారు కొబ్బరికాయ పక్కన పెట్టి రాయి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నారు, మా అమ్మ ఆవిడ వెనకాల. మావాడు ఫోన్లో చదువుతూ గట్టిగా "మామ్మగారూ, ఇది లింగం కాదండి, స్తూపం, బౌద్ధులది, పాండవులూ లేరు ఏం లేరు, మీరు తెలీక దండం పెడుతున్నారు" అనేసేడు. వాడి మాటలో తప్పు లేదు. ఆ రాయి స్తూపమే, అంటే బౌద్ధులు బుద్ధుడి గుర్తుగా కొలిచేది, ఆ గది చైత్యం, అంటే వాళ్ళ ప్రార్థన గది, పక్కన పాండవుల గుహలన్నవి భిక్షువులు వానాకాలం ఉండే విహారాలు, కొండ మీద ఇటుకతో కట్టిన ఇంకో చైత్యం ఉంది, మొక్కుబడి స్తూపాలు అరవైకి పైగా ఉన్నాయి, అన్నీ చూసేం. కానీ ఆ మాటకి మామ్మగారి మొహం ఎలా అయిపోయిందో నేను చూసేను. నడుస్తున్నది ఆగిపోయి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అడిగేరు, "ఆ సన్యాసులు ఎప్పుడో వెళ్ళిపోయేరు కదా నాయనా, వాళ్ళు వెళ్ళేక దీనికి దీపం ఎవరు పెట్టేరు?"

మావాడికి నోట మాట రాలేదు. నాకూ రాలేదు. ఆ ప్రశ్న నన్ను వదలట్లేదండి. భిక్షువులు వెళ్ళిపోయి ఎన్ని వందల ఏళ్ళయిందో, ఆ తర్వాత ఆ రాయిని పగలగొట్టి బండలు చేసుకోలేదు, గొర్రెల దొడ్డి చేసుకోలేదు, ధర్మరాజు పెట్టిన లింగం అనుకుని కొబ్బరికాయ కొట్టి, శివరాత్రికి చుట్టూ తిరిగి కాపాడుకున్నది ఆ ఊళ్ళ వాళ్ళే. మిగతా కారణాలు కూడా ఉండొచ్చు గానీ ఆ భక్తి ఒక కారణం కాదంటే నేను నమ్మను. మా పక్కనున్న కోనసీమలో మామిడికుదురు మండలం ఆదుర్రులో కూడా వైనతేయ గోదారి పాయ పక్కన బౌద్ధ స్తూపం ఉంది, ఇటుకల దిబ్బ, ఎంతమందికి తెలుసు? కథ పట్టుకున్న చోటికి జనం వెళ్తారు, కథ లేని చోటికి ఎవరు వెళ్తారండి.

అందుకని నా మనవి ఇది. ఇలాంటి చోట బోర్డులు రాసేవాళ్ళు, గైడ్లు, పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టార్లు రెండు కథలూ చెప్పండి. ఇది బౌద్ధుల చైత్యం అని స్పష్టంగా చెప్పాలి, దాచకూడదు, రెండు వేల ఏళ్ళ కిందట అంత చెక్కినవాళ్ళకి అన్యాయం చెయ్యకూడదు. అలాగే ఈ ఊళ్ళ వాళ్ళు దీన్ని ధర్మలింగేశ్వరుడని ఎందుకన్నారో, ఎలా కొలిచేరో అది కూడా మామ్మగారి మాటల్లోనే రాయాలి. అది మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టెయ్యకండి. మా అమ్మలాంటి వాళ్ళు చదివి అర్థం చేసుకునే తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ మండపం స్తంభాల మీద బ్రాహ్మీ అనే పాతకాలం అక్షరాల్లో ఒక శాసనం ఉంది, మావాడు దాని అర్థం వెతికి చదివితే నాకు భలే అనిపించింది. మహామేఘవాహన వంశం రాజు సిరి సద అని, కళింగ మహిషక దేశాలకి అధిపతి, ఆయన దగ్గర లేఖకుడు చులగోముడు అనే ఆయన ఈ మండపం కట్టించి ఇచ్చేడంట. లేఖకుడు అంటే రాతకోతలు చూసేవాడు, ఇప్పటి మాటలో గుమాస్తా. మా ఆయన కూడా గుమాస్తానే, ఇరవై ఏళ్ళుగా చిట్టా పద్దులే రాస్తున్నారు. "చూసేరా, రాజుగారి పేరు పక్కన గుమాస్తా పేరు" అంటే ఆయన ఆ స్తంభం దగ్గర చాలాసేపు నిలబడిపోయేరు. ఆ కొండని అప్పట్లో మహానాగపర్వతం అనేవారని కూడా ఇంకో శాసనంలో ఉందంట, ఎంత అందమైన పేరు, మనం మర్చిపోయేం.

అలాంటి చోట గోడల మీద మేకుతో గీకిన పేర్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ప్రేమ గుర్తులు, సెల్ నెంబర్లు, బాణం గుర్తులు. అది ఇసుకరాయండి, మెత్తన, అందుకే ఉలితో అంత పని చెయ్యగలిగేరు, అందుకే తాళం చెవితో గీకినా గాటు పడిపోతుంది, ఇంక పూడదు. తల్లిదండ్రులారా, పిల్లల చేతిలో మేకు కనపడితే అక్కడే ఆపండి, ఫొటో తీసుకుందాం అని పక్కకి తీసుకెళ్ళండి, మీకు దండం పెడతాను.

కింద చెట్టు నీడన ఉసిరి కొమ్మ పెట్టి భోజనాలు చేసేం. మామ్మగారిని కూడా కూర్చోబెట్టేం, మావాడే వడ్డించేడు, పులిహోర మారు వేసుకోమని రెండుసార్లు అడిగేడు, ఆవిడ వాడి తల మీద చెయ్యి పెట్టి నిమిరేరు. విస్తర్లు, గ్లాసులు అన్నీ సంచిలో కట్టుకుని బండిలో వేసుకొచ్చేం. తిరిగొచ్చేటప్పుడు మా బండిలోనే ఒక పెద్దాయన "పైదాకా రోడ్డేసి కార్లు వెళ్ళేలా చేస్తే ఎంతో డెవలప్ అవుద్ది" అన్నారు, ముసలివాళ్ళకి ఇబ్బంది అని ఆయన ఉద్దేశం, మంచి మనసుతోనే అన్నారు. జవాబు చెప్పింది మా అమ్మ. "బండిలో వెళ్తే ఆవిడ కథ నాకెవరు చెప్పేవారు" అంది.

నేను అదే అంటున్నానండి. ఇలాంటి చిన్న అడవి దారులకి రోడ్డు వద్దు. రోడ్డంటే ముందు చెట్లు పోతాయి, తర్వాత పార్కింగ్ వస్తుంది, బజ్జీల బండి వస్తుంది, మైకు వస్తుంది, మా ఊళ్ళో ఉన్నవన్నీ అక్కడికీ వస్తాయి. మెట్ల పక్కన ముసలివాళ్ళు పట్టుకోవడానికి గట్టి రెయిలింగు, ఇరవై ముప్ఫై మెట్లకొకసారి చెట్టు కింద కూర్చోవడానికి ఒక రాతి అరుగు, మొదట్లో తాగడానికి మంచి నీళ్ళు, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూము, ద్వారకా తిరుమల నుంచి దారి తెలిసేలా గుర్తులు, రోజుకి రెండు మూడు బస్సులు. ఇవన్నీ బాగా ఉండేలా చూస్తే చాలు, మా అమ్మలాంటి వాళ్ళు ఎక్కగలరు, ఎక్కేరు కూడా. అసలు నడవలేని వాళ్ళ కోసం డోలీ మోసే మనుషుల్ని పెడితే ఆ ఊరి వాళ్ళకి నాలుగు రూపాయలు వస్తాయి. సంబంధిత అధికారులు దయచేసి ఆలోచించాలి.

డెల్టాలో ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. చిన్న తిరుపతి వెళ్ళినప్పుడు ఒక పూట మిగుల్చుకుని అక్కడికి వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, ఎండాకాలం కాకుండా కార్తీకంలోనో, సంక్రాంతి వెళ్ళేకో. లోపలికెళ్ళగానే ఫోన్ తియ్యకుండా ఒక్క నిమిషం పైకి చూడండి.

మా మేనల్లుడు ఆ రోజు మామ్మగారి కథ రికార్డు చేసుకోలేదని ఇప్పుడు బాధపడుతున్నాడు. శివరాత్రికి వెళ్ళి ఆవిణ్ణి వెతికి, అయిదుగురు అన్నదమ్ముల గుహలు ఏది ఎవరిదో మళ్ళీ చెప్పించుకుంటాడంట. అమ్మ కూడా వస్తానంటోంది, వాసాల లెక్క ఆ రోజు తేలలేదని.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా